ఎస్ దశలో డీఎన్ఏ రెట్టింపైతే క్రోమోజోములు 92 ఎందుకు కావు?

చైత్ర_బైపీసీ

అందరికీ నమస్కారం. ఇంటర్ రెండో సంవత్సరం చదువుతూ నీట్‌కు తయారవుతున్నాను. కణచక్రం పాఠంలో ఒకచోట ఆగిపోయాను. మనిషి కణంలో జీ1 దశలో, అంటే డీఎన్ఏ రెట్టింపు కాకముందు, 46 క్రోమోజోములు ఉంటాయి. ఎస్ దశలో డీఎన్ఏ మొత్తానికీ ప్రతికృతి (నకలు) జరిగి, దాని పరిమాణం 2సీ కాస్తా 4సీ అవుతుంది. అలాంటప్పుడు ఆ తర్వాతి దశ జీ2లో 92 క్రోమోజోములు ఉండాలి కదా? పుస్తకంలో 46 అనే ఉంది, కారణం మాత్రం ఇవ్వలేదు. క్లాసులో అడిగితే "గుర్తుపెట్టుకో, చాలు" అన్నారు. గుర్తుపెట్టుకోవడం కష్టమేమీ కాదు. కానీ అండాలు, శుక్రకణాలు తయారయ్యే క్షయకరణ విభజనకు వచ్చేసరికి ఈ చిక్కే ఇంకా పెద్దదవుతోంది. అసలు క్రోమోజోము అంటే ఒక డీఎన్ఏ అణువా, మరేదైనానా?

ఉల్లివేరు

అమ్మా చైత్రా, వృక్షశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. ప్రతి ఏడాదీ ఒకరిద్దరు పిల్లలు ఈ ప్రశ్న అడిగేవారు, అడిగిన వాళ్లకే ఆ పాఠం నిజంగా వచ్చేది.

సూటిగా చెప్తాను. జీ2లో డీఎన్ఏ అణువులు 92. క్రోమోజోములు 46. రెండూ నిజమే, ఎందుకంటే లెక్కపెడుతున్నవి వేర్వేరు.

జీ1లో ఒక క్రోమోజోము అంటే ఒకే పొడవాటి డీఎన్ఏ ద్వికుండలి, అది చుట్టుకుని ఉండే హిస్టోన్ ప్రోటీన్లు. ఎస్ దశలో ఆ ద్వికుండలి రెండు పోచలుగా విడివడి, ఒక్కో పాత పోచకు ఒక్కో కొత్త పోచ జతకూడుతుంది. అచ్చంగా ఒకేలా ఉన్న రెండు అణువులు తయారవుతాయి. అయితే అవి విడిపోవు, పక్కపక్కనే అంటిపెట్టుకుని ఉంటాయి. వాటినే సోదర క్రొమాటిడ్లు అంటాం. ఒకే కాడికి కట్టిన జోడెడ్లను తలుచుకో. ఎడ్లను లెక్కపెడితే రెండు, కాడిని లెక్కపెడితే ఒకటి. క్రోమోజోముల లెక్కలో మనం కాడిని లెక్కపెడతాం, అంటే క్రొమాటిడ్లు రెండూ కలిసి ఉండే చోటైన సెంట్రోమియర్‌ను. డీఎన్ఏ పరిమాణం లెక్కలో ఎడ్లను లెక్కపెడతాం.

అంకెల్లో చూడు. జీ1లో ఉన్న మనిషి కణంలో దాదాపు 640 కోట్ల క్షార జతలు ఉంటాయి, 46 అణువుల్లో పంచుకుని. వాటన్నిటినీ వరుసగా పరిస్తే సుమారు రెండు మీటర్ల పొడవు. ఎస్ దశ ముగిసేసరికి అది 1,280 కోట్ల జతలు, 92 అణువులు, నాలుగు మీటర్లు. సెంట్రోమియర్ స్థానాలు మాత్రం 46.

తర్కం

మాస్టారూ, వివరణ బాగుంది. కానీ ఇది మనుషులు పెట్టుకున్న లెక్కే కదా? సెంట్రోమియర్‌నే లెక్కపెట్టాలని ఎవరో నిర్ణయించారు. అణువులనే లెక్కపెట్టాలని నిర్ణయించి ఉంటే ఈ రోజు పుస్తకాల్లో 92 ఉండేది. ప్రకృతిలో లేని గీత గీసి, అది దాటితే తప్పని పిల్లలకు మార్కులు తగ్గించడం నాకు నచ్చదు.

నీలగిరి

తర్కం గారూ, మంచి అభ్యంతరమే. అయినా ఈ గీత గీసింది కణమే అంటాను. నేను కణవిభజన మీద పరిశోధన చేస్తున్నాను, ఈ విషయం నాకు చాలా ఇష్టమైనది కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

ముందు మాస్టారి మాటకు ఒక చేర్పు. సెంట్రోమియర్ దగ్గర ఉన్న డీఎన్ఏకు కూడా ఎస్ దశలోనే ప్రతికృతి జరుగుతుంది. అది చివరిదాకా ఒక్కటిగానే ఉండి, తర్వాత చీలుతుందని కొన్ని పాత పుస్తకాల్లో కనిపించే వాక్యం సరికాదు. సోదర క్రొమాటిడ్లను కలిపి ఉంచేది కొహీసిన్ అనే ప్రోటీన్ల ఉంగరం. డీఎన్ఏ ప్రతికృతి జరుగుతుండగానే ఈ ఉంగరాలు రెండు అణువులనూ కలిపి చుట్టేస్తాయి. సమవిభజన (ఒక కణం అలాంటివే రెండు కణాలయ్యే మామూలు విభజన) మొదలయ్యాక క్రొమాటిడ్ల బాహువుల పొడవునా ఉన్న ఉంగరాలు చాలావరకు ఊడిపోతాయి, సెంట్రోమియర్ దగ్గరవి మిగులుతాయి. సూక్ష్మదర్శినిలో మనకు కనిపించే ఎక్స్ ఆకారం అలా వచ్చింది.

ఇప్పుడు కణం ఏం చేస్తుందో చూడండి. మధ్యస్థ దశలో, అంటే క్రోమోజోములు కణం మధ్యలో బారులు తీరినప్పుడు, ఒక్కో జంటను కణం రెండు కొసల (ధ్రువాల) నుంచి వచ్చిన కండె పోగులనే సన్నని ప్రోటీను దారాలు రెండు వైపులా పట్టుకుని లాగుతాయి. మధ్యలో ఉంగరాలు ఊడవు కాబట్టి పోగులు బిగుస్తాయి. ఆ బిగువే కణానికి సంకేతం. 46 జంటల్లో ఒక్కటి సరిగ్గా పట్టుబడకపోయినా కణం విభజనను ముందుకు పోనివ్వదు, ఆ ఒక్కదాని కోసం మిగిలిన 45 ఆగుతాయి. అన్నీ కుదిరాక సెపరేజ్ అనే ఎంజైము కొహీసిన్ ఉంగరాలను కోసేస్తుంది. ఆ క్షణం నుంచి ప్రతి క్రొమాటిడ్ ఒక స్వతంత్ర క్రోమోజోము.

అంటే కణం దృష్టిలో జంట ఒక్క వస్తువే. దాన్ని ఒకటిగా పట్టుకుంటుంది, ఒకటిగా సరిచూస్తుంది, సమయం వచ్చాకే రెండు చేస్తుంది. మన లెక్క దాన్ని అనుసరించింది.

చైత్ర_బైపీసీ

అయితే ఉంగరాలు తెగిన తర్వాత, కణం ఇంకా రెండు కాకముందు, ఒకే కణంలో 92 ఉన్నట్టే కదా అక్కా?

నీలగిరి

ఉన్నట్టే చైత్రా! చలన దశలో ఆ కణంలో 92 క్రోమోజోములు ఉంటాయి, ఒక్కో ధ్రువం వైపు 46 చొప్పున. నువ్వు వెతుకుతున్న 92 అక్కడ ఉంది, జీ2లో కాదు. ప్రవేశ పరీక్షల్లో ఈ ప్రశ్నను తిప్పి తిప్పి అడుగుతారు.

ఉల్లివేరు

నీలగిరి గారి చేర్పుకు సంతోషం. కొహీసిన్ సంగతి మేం చదువుకున్న రోజుల్లో పుస్తకాల్లో లేదు, 1990ల చివర్లో తేలిన విషయం అది.

చైత్రా, క్షయకరణ విభజన లెక్క కూడా ఇప్పుడే పూర్తిచేసుకో. మొదలుపెట్టేటప్పుడు 46 క్రోమోజోములు, 4సీ. మొదటి విభజనలో సోదర క్రొమాటిడ్లు విడిపోవు. తల్లి నుంచి వచ్చిన ఒకటో క్రోమోజోము, తండ్రి నుంచి వచ్చిన ఒకటో క్రోమోజోము జతకూడి, ముక్కలు మార్చుకుని, చెరొక వైపు పోతాయి. ఫలితంగా ఒక్కో కణంలో 23 క్రోమోజోములు, డీఎన్ఏ మాత్రం 2సీ, ఎందుకంటే ఒక్కొక్కటి ఇంకా జంటగానే ఉంది. రెండు విభజనల మధ్య ఎస్ దశ లేదు. రెండో విభజనలో జంటలు విడిపోయి 23, 1సీ. సంఖ్య సగమయ్యేది మొదటి విభజనలో అని రాసుకో.

ఇంకొకటి చెప్పాలి. జీ1, ఎస్, జీ2 అనే ఈ విభాగాలు ఎలా తెలిశాయో పాఠ్యపుస్తకాలు చెప్పవు, చెప్పాలి. 1950ల మొదటి దాకా రెండు విభజనల మధ్య ఉండే అంతర్దశను విశ్రాంతి దశ అనేవారు. సూక్ష్మదర్శినిలో ఏమీ జరుగుతున్నట్టు కనపడదు మరి. లండన్‌లో ఆల్మా హోవార్డ్, స్టీఫెన్ పెల్క్ అనే ఇద్దరు ఒక చిక్కుడు జాతి మొక్క వేళ్లకు రేడియోధార్మిక భాస్వరం అందించారు. డీఎన్ఏ తయారవుతున్న కణం ఆ భాస్వరాన్ని తనలో కలుపుకుంటుంది, ఫోటో ఫిల్ము మీద చుక్కలుగా జాడ విడుస్తుంది. విభజన జరుగుతున్న కణాల్లో కొత్త డీఎన్ఏ తయారీ లేదు. అంతర్దశలోనూ అంతటా లేదు, మధ్యలో ఒక నిర్దిష్ట కాలంలోనే ఉంది. దానికి ముందు ఒక ఖాళీ, తర్వాత ఒక ఖాళీ. 1953లో ఆ విభాగాలను ప్రకటించారు. వాట్సన్, క్రిక్‌లు ద్వికుండలి నమూనా ప్రకటించినదీ ఆ ఏడాదే. ద్వికుండలికి వచ్చిన పేరు ఈ పనికి రాకపోవడం నాకు బాధగా ఉంటుంది.

వేగంగా విభజన చెందే మనిషి కణానికి ఒక చక్రం దాదాపు 24 గంటలు. అందులో ఎస్ దశ సుమారు 8 గంటలు, విభజన ఒక గంట. నాడీకణాల్లాంటివి చక్రం నుంచి తప్పుకుని జీ0లో ఉండిపోతాయి.

సూక్ష్మదర్శిని

క్రోమోజోములు లెక్కపెట్టడమే నా ఉద్యోగం కాబట్టి ఈ చర్చ చూసి ఆగలేకపోయాను. మాది రోగ నిర్ధారణ ప్రయోగశాలలో క్రోమోజోముల విభాగం. పైన చెప్పుకున్న దశలన్నీ మాకు బల్ల మీద చేసే పని.

రక్తం రెండు మిల్లీలీటర్లు తీసుకుంటాం, రక్తం గడ్డకట్టకుండా చేసే హెపారిన్ ఉన్న గొట్టంలోనే. ఎర్ర రక్తకణాలకు కేంద్రకం లేదు, కాబట్టి వాటితో పని లేదు. మాకు కావలసినవి తెల్ల కణాల్లోని లింఫోసైట్లు. వాటితో చిక్కేమిటంటే అవి రక్తంలో జీ0లో ఉంటాయి, విభజన చెందవు. వాటిని కదిలించడానికి రాజ్మా గింజల నుంచి తీసిన ఫైటోహీమాగ్లుటినిన్ అనే ప్రోటీను కలుపుతాం. నిజానికి మొదట్లో దీన్ని ఎర్రకణాలను గడ్డకట్టించి తొలగించడానికి వాడేవారు. ఇది లింఫోసైట్లను విభజనకు పురిగొల్పుతుందని 1960లో పీటర్ నోవెల్ గుర్తించారు. 37 డిగ్రీల వేడిలో 72 గంటలు ఉంచితే కణాలు జీ1 దాటి, ఎస్ దాటి, విభజనకు వస్తాయి.

చివరి గంటలో కాల్చిసీన్ తరహా మందు వేస్తాం. అది కండె పోగులు ఏర్పడకుండా చేస్తుంది. నీలగిరి గారు చెప్పిన కాపలా వల్ల కణాలు మధ్యస్థ దశలోనే నిలిచిపోతాయి. క్రోమోజోములు అప్పుడే అన్నిటికంటే పొట్టిగా, లావుగా ఉంటాయి. తర్వాత పలచని పొటాషియం క్లోరైడ్ ద్రావణం పోస్తే కణంలోకి నీరు చేరి ఉబ్బుతుంది, చిక్కుపడిన క్రోమోజోములు విడివిడిగా జరుగుతాయి. మిథనాల్ మూడు వంతులు, ఎసిటిక్ ఆమ్లం ఒక వంతు కలిపిన ద్రావణంతో స్థిరపరచి, గాజు పలక మీద చుక్క వదులుతాం. ఆరాక ట్రిప్సిన్ కొద్దిసేపు, ఆపైన గీంసా రంగు. అడ్డచారలు వస్తాయి. ఏ చారలు ఎక్కడున్నాయో చూసి ఒక్కో క్రోమోజోమునూ గుర్తుపడతాం. మామూలుగా 20 కణాలైనా లెక్కపెట్టందే నివేదిక ఇవ్వం.

చైత్రా, మేం చూసే ప్రతి క్రోమోజోములోనూ రెండు క్రొమాటిడ్లు ఉంటాయి. అంటే నివేదికలో 46 అని రాసిన ప్రతిసారీ ఆ కణంలో 92 డీఎన్ఏ అణువులు ఉన్నాయన్నమాట.

పొలంగట్టు

మనిషి క్రోమోజోములు 48 అని పాత పుస్తకమొకటి మా ఇంట్లో ఉంది. అచ్చుతప్పా?

సూక్ష్మదర్శిని

అచ్చుతప్పు కాదండీ. 1923లో థియోఫిలస్ పెయింటర్ అనే అమెరికా శాస్త్రవేత్త వృషణ కణజాలాన్ని పలచని పొరలుగా కోసి చూసి 48 అన్నారు. కోసిన పొరల్లో క్రోమోజోములు ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి, కొన్ని తెగిపోతాయి. అయినా ఆ అంకె ముప్పై ఏళ్లకు పైగా నిలిచింది. 1952లో టి.సి. సూ, ఉప్పు పలచగా ఉన్న ద్రావణంలో కణాలు ఉబ్బి క్రోమోజోములు చక్కగా విడిపోతాయని కనుగొన్నారు. అంత మంచి పలకలు చేతిలో ఉండి కూడా ఆయనా 48 అనే లెక్కించారు! ముందే స్థిరపడిన అంకెకు ఎంత బలం ఉంటుందో చూడండి. చివరికి స్వీడన్‌లోని లుండ్‌లో జావా నుంచి వచ్చిన జో హిన్ త్జియో, ఆల్బర్ట్ లెవాన్ కలిసి ఊపిరితిత్తుల కణాల్లో 46 లెక్కపెట్టి 1956లో ప్రచురించారు. కొత్తగా చేరిన వాళ్లకు మా విభాగంలో మొదట చెప్పే కథ ఇదే. ఎదుట ఉన్నదాన్ని లెక్కపెట్టండి, ఉండాల్సినదాన్ని కాదు అని.

పొలంగట్టు

ధన్యవాదాలు. మరి అరటిపండులో గింజ లేకపోవడానికీ క్రోమోజోములకూ సంబంధం ఉందంటారు, నిజమేనా?

ఉల్లివేరు

నిజం. అడవి అరటిలో 22 క్రోమోజోములు, రెండేసి చొప్పున 11 రకాలు. దాని నిండా గట్టి గింజలే. మనం తినే రకాల్లో చాలావాటికి 33, మూడేసి చొప్పున. క్షయకరణ విభజన మొదట్లో జతలు కట్టాలి కదా, ముగ్గురున్నచోట జత సరిగ్గా కుదరదు. పంపకం అడ్డదిడ్డమై అండాలు, పుప్పొడి పనికిరాకుండా పోతాయి. గింజ రాదు, కాబట్టి పిలకలతోనే నాటుకుంటాం. సమవిభజనలో జతకట్టే పని లేదు గనక చెట్టు మాత్రం ఏ లోటూ లేకుండా పెరుగుతుంది. గింజలేని పుచ్చకాయ కూడా ఈ దారిలో వచ్చిందే.

ఔషధశాల

సూక్ష్మదర్శిని గారు కాల్చిసీన్ అన్నారు. మన అడవుల్లో పూసే అగ్నిశిఖ మొక్క దుంపల్లో, గింజల్లో కూడా అదే ఉంటుంది. విషం, దయచేసి ఎవరూ ఇంటి వైద్యానికి వాడకండి. పెరట్లో పూసే బిళ్ళగన్నేరు నుంచి వచ్చే విన్‌క్రిస్టిన్ కూడా కండె పోగుల మీదే పనిచేస్తుంది. పిల్లల రక్త క్యాన్సరు చికిత్సలో అది ముఖ్యమైన మందు.

అది విభజన దశను ఆపితే, అదే చికిత్సలో వాడే మెథోట్రెక్సేట్ ఎస్ దశను ఆపుతుంది. దాని వెనక మన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఉన్నారు. 1895లో భీమవరంలో పుట్టి, అమెరికాలో లెడర్లే ప్రయోగశాలల పరిశోధనలకు నాయకత్వం వహించారు. డీఎన్ఏలోని థైమిన్ భాగం తయారు కావాలంటే ఫోలిక్ ఆమ్లం కావాలి. ఆయన బృందం 1940లలో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది, తర్వాత దాని పనికి అడ్డుపడే అమినోప్టెరిన్‌ను తయారు చేసింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దాన్ని రక్త క్యాన్సరు ఉన్న పిల్లలకు ఇచ్చారు. 16 మందిలో 10 మందికి కొంతకాలం పాటు వ్యాధి వెనక్కి తగ్గిందని 1948లో ప్రకటించారు. అంతకుముందు ఆ పిల్లలకు ఏ మందూ పనిచేసేది కాదు. మెథోట్రెక్సేట్ దానికి దగ్గర చుట్టం. సుబ్బారావు గారు ఆ ఏడాదే కన్నుమూశారు.

ఫోలిక్ ఆమ్లం తక్కువైతే వచ్చే రక్తహీనతలో కణాలు ఎందుకు అంత పెద్దవిగా ఉంటాయో కూడా ఇందులోనే ఉంది. ఎముక మజ్జలోని కణం ఎస్ దశ పూర్తిచేయలేదు, విభజన చెందలేదు. ఆర్ఎన్ఏ, ప్రోటీన్ల తయారీ మాత్రం ఆగదు. దాంతో కణం పెరుగుతూనే పోతుంది.

పాప_అమ్మ

ఇక్కడ అడగవచ్చో లేదో తెలియదు. రెండు రోజులుగా మీరు రాస్తున్నవి చదువుతున్నాను. మా పాప పుట్టి కొన్ని నెలలైంది. డౌన్ సిండ్రోమ్ అన్నారు. క్రోమోజోముల పరీక్ష నివేదికలో 47, ఎక్స్‌ఎక్స్, +21 అని ఉంది. నాకు 26 ఏళ్లు. మా ఆయన నాకు మేనమామ కొడుకు. మేనరికం వల్లే ఇలా అయిందని మా వాళ్లు, నెల తప్పిన కొత్తలో గ్రహణం నాడు నేను బయటికి వచ్చానని మా అత్తగారి వైపు వాళ్లు అంటున్నారు. డాక్టరుగారు ఎవరి తప్పూ లేదన్నారు కానీ ఎలా జరిగిందో చెప్పే తీరిక ఆయనకు లేదు. మా చెల్లెలికి ఇప్పుడు మూడో నెల. అది భయపడి నాతో మాట్లాడటం తగ్గించింది. ఎలా జరుగుతుందో ఎవరైనా చెప్తారా?

నీలగిరి

తప్పకుండా అడగవచ్చు వదినా. మీరు చదివినవన్నీ మీ ప్రశ్న దగ్గరికే వస్తాయి.

స్త్రీ శరీరంలో అండాలు కొత్తగా తయారవుతూ ఉండవు. మీరు మీ అమ్మగారి కడుపులో ఉన్నప్పుడే మీ అండకణాలన్నీ ఎస్ దశ దాటి, క్షయకరణ విభజన మొదలుపెట్టి, మొదటి విభజన మధ్యలో ఆగిపోయాయి. ఆ అండం విడుదలయ్యే నెల దాకా అలాగే ఆగి ఉంటుంది. ఇరవై ఆరేళ్ల వయసులో విడుదలైన అండం అంటే, ఇరవై ఆరేళ్లకు పైగా కొహీసిన్ ఉంగరాలు ఆ జతలను పట్టుకుని ఉన్నాయన్నమాట. అవి కాలక్రమంలో సడలుతాయి, కొత్తవి పెద్దగా చేరవు. ఉంగరం సడలినచోట జత ముందే విడిపోవచ్చు, లేదా రెండూ ఒకే వైపు పోవచ్చు. అప్పుడు అండంలో 21వ క్రోమోజోములు రెండు చేరతాయి. తండ్రి నుంచి ఒకటి. మొత్తం మూడు.

ఇలాంటి పిల్లల్లో పది మందిలో తొమ్మిది మందికి అదనపు క్రోమోజోము అండంలోంచే వస్తుంది, మిగిలిన వాళ్లకు ఎక్కువగా శుక్రకణంలోంచి. వయసుతో పాటు అవకాశం పెరుగుతుంది. 35 ఏళ్ల తల్లికి దాదాపు 350 కాన్పుల్లో ఒకటి, 40 ఏళ్లకు 100లో ఒకటి. చిన్న వయసులో చాలా తక్కువే అయినా సున్నా కాదు.

ఇది అండం సిద్ధమవుతున్నప్పుడు, అంటే మీరు నెల తప్పకముందే జరిగిపోయింది. గ్రహణం నాటికి పాపకు ఆ 47 ఉన్నాయి. మీరు తిన్నది, తిరిగినది, చూసినది, ఏదీ దాన్ని తేలేదు, ఏదీ ఆపేదీ కాదు. మీ ఇంట్లో వాళ్లకు ఈ మాట చదివి వినిపించండి.

ఉల్లివేరు

మేనరికం సంగతి నేను చెప్తానమ్మా, ఎందుకంటే మన ప్రాంతంలో అన్నిటికీ దాన్నే కారణం చేస్తారు. దగ్గరి చుట్టాల పెళ్లిలో ప్రమాదం వేరే రకం. ఇద్దరికీ ఒకే తాతముత్తాతల నుంచి లోపమున్న ఒకే జన్యువు వచ్చి, బిడ్డకు రెండు ప్రతులూ లోపమున్నవే చేరడం. బావామరదళ్ల పిల్లల్లో ఏ జన్యువుకైనా రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చే అవకాశం 16లో ఒక వంతు, మేనమామను చేసుకుంటే 8లో ఒక వంతు. తలసీమియా లాంటివి అలా వస్తాయి. వాటిని తేలిగ్గా తీసుకోమని నేను అనను. కానీ పాపకు వచ్చింది లోపమున్న జన్యువు కాదు, మంచి క్రోమోజోమే ఒకటి ఎక్కువ రావడం. దానికీ మేనరికానికీ ముడిపెట్టడం సరికాదు.

తర్కం

పాప అమ్మగారూ, గ్రహణం మాట అన్నవాళ్లను ఒక్కటి అడగండి. ఆ రోజు ఊళ్లో బయటికి వచ్చిన గర్భవతులు మీరొక్కరేనా?

చైత్ర_బైపీసీ

అక్కా, పాపకు నా ముద్దులు. ఒకటి అర్థం కాలేదు, అడుగుతున్నాను. 21వ క్రోమోజోములో ఉన్నవి అందరికీ ఉండే జన్యువులే కదా. పాడైనవి కావు, లేనివీ కావు. మూడో ప్రతి ఉంటే ఇంత తేడా ఎందుకు వస్తుంది?

నీలగిరి

ఇక్కడికి ఆర్ఎన్ఏ రావాలి చైత్రా. జన్యువు తనంతట తాను ఏమీ చేయదు. దాని వరస ఆర్ఎన్ఏగా అనులేఖనమవుతుంది. థైమిన్ బదులు యూరసిల్, డీఆక్సీరైబోజ్ బదులు రైబోజ్, ఒకే పోచ. ఆ రాయబారి ఆర్ఎన్ఏ కేంద్రకం దాటి రైబోసోము దగ్గరికి పోతుంది, అక్కడ మూడేసి క్షారాలకు ఒక అమైనో ఆమ్లం చొప్పున ప్రోటీను అల్లుకుంటుంది. మూడు క్షారాల ఆ సంకేత భాషను ఛేదించిన ముగ్గురిలో మన హరగోవింద్ ఖొరానా ఒకరు, 1968లో నోబెల్ వచ్చింది.

రెండు ప్రతుల నుంచి రావలసిన ఆర్ఎన్ఏ మూడు ప్రతుల నుంచి వస్తే, స్థూలంగా ఒకటిన్నర రెట్లవుతుంది. ఆ ప్రోటీనూ ఎక్కువవుతుంది. 21లో ఉన్న వందల జన్యువులకూ ఒకేసారి ఇలా జరుగుతుంది. ఉదాహరణకు ఏపీపీ అనే జన్యువు అందులోనే ఉంది. దాని ప్రోటీను ముక్కలే ఆల్జీమర్స్ వ్యాధిలో మెదడులో పేరుకుంటాయి. డౌన్ సిండ్రోమ్ ఉన్నవారిలో ఆ వ్యాధి ముందుగా రావడానికి ఇదొక ముఖ్య కారణం. అన్నిటికంటే చిన్న క్రోమోజోము కావడం వల్లే, జన్యువులు తక్కువ ఉండటం వల్లే, మూడు 21లతో బిడ్డ పుట్టి పెరగగలుగుతోంది. ఒకటో క్రోమోజోము మూడైతే పిండం నిలవదు.

మరి ఆడవాళ్లకు ఎక్స్ రెండు, మగవాళ్లకు ఒకటి. ఎక్స్ చాలా పెద్దది కూడా. ఆ తేడా ఎందుకు ఇబ్బంది పెట్టదు? ఆడవారి ప్రతి కణంలోనూ ఒక ఎక్స్ దాదాపుగా మూతబడుతుందని 1961లో మేరీ లయన్ ప్రతిపాదించారు. మూసేది ఒక ఆర్ఎన్ఏ. పేరు ఎక్సిస్ట్. ఏ ప్రోటీనుకూ సంకేతం కాదు. తాను పుట్టిన ఎక్స్‌నే కప్పేసి, దాని జన్యువులను నిద్రపుచ్చుతుంది. 2013లో అమెరికాలో జీన్ లారెన్స్ బృందం ఆ ఎక్సిస్ట్ జన్యువును డౌన్ సిండ్రోమ్ ఉన్న వ్యక్తి కణాల్లోని మూడో 21లో చేర్చింది. ఆ క్రోమోజోము మూతబడింది! ప్రయోగశాల పాత్రలోని కణాల్లో మాత్రమే. ఇది చికిత్స కాదు, ఆశపెట్టడానికి చెప్పడం లేదు. కానీ ఒక ఆర్ఎన్ఏ అణువుకు మొత్తం క్రోమోజోమును ఆపగల శక్తి ఉందని తెలిసినప్పుడు నాకు నిద్రపట్టలేదు.

పాప_అమ్మ

అందరికీ ఎలా చెప్పాలో తెలియడం లేదు. మా ఆయనకు చదివి వినిపించాను. ఆయన మా అత్తగారికి చెప్పారు. చెల్లెలి సంగతి, మాకు మళ్లీ బిడ్డ సంగతి కూడా ఎవరైనా చెప్పగలరా?

నిర్వాహకులు

పాప అమ్మగారూ, సభ్యులు తెలిసినంత చెప్తారు. నిర్ణయాలు మాత్రం మీ డాక్టరుగారితో, వీలైతే జన్యు సలహాదారుతో మాట్లాడాకే తీసుకోండి.

సూక్ష్మదర్శిని

అమ్మా, మీ నివేదికలోని ఆ ఒక్క వరసలోనే జవాబు చాలావరకు ఉంది. 47 అంటే మొత్తం సంఖ్య, ఎక్స్‌ఎక్స్ అంటే ఆడపిల్ల, +21 అంటే 21వది విడిగా ఒకటి ఎక్కువ. డౌన్ సిండ్రోమ్‌లో నూటికి 95 మంది ఇలాంటివారే. 1959లో పారిస్ నుంచి లెజూన్, గోతియే, తుర్పాన్ ప్రకటించినది కూడా ఈ రకాన్నే. ఆ కణాల పెంపకం ప్రయోగశాలను నిలబెట్టింది మార్త్ గోతియే. పేరు మాత్రం చాలాకాలం లెజూన్‌కే దక్కింది, మా పనిలో ఉన్నవాళ్లం ఆమె పేరు చెప్పకుండా ఈ విషయం చెప్పం.

నివేదికలో 46 అని ఉండి, 14తో 21 అతుక్కున్నట్టు రాసి ఉంటే విషయం వేరు. నూటికి మూడు నాలుగు కేసులు అలాంటివి. అప్పుడు తల్లిదండ్రులిద్దరికీ పరీక్ష చేస్తాం. ఇద్దరిలో ఒకరికి 45 క్రోమోజోములు ఉండి, ఆరోగ్యంగా ఉంటూ, ఆ అతుకును పిల్లలకు అందించవచ్చు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు కూడా పరీక్ష చేయించుకోవాలి. మీది అది కాదు. కాబట్టి మీ చెల్లెలికి మీ పాప వల్ల అదనపు ప్రమాదం ఉందని భయపడనక్కరలేదు. ఆమె వయసులో ఎవరికైనా ఉండేదే ఆమెకూ. అందరు గర్భవతులకూ చెప్పినట్టే 11 నుంచి 13 వారాల మధ్య స్కాను, రక్తపరీక్ష చేయించుకోవాలి. మూడో నెల అన్నారు కాబట్టి ఆ వారాలు ఇవే, ఆలస్యం చేయవద్దని చెప్పండి. ఈ ముక్క ఆమెకు పంపండి, మీతో మాట్లాడుతుంది.

మీకు మళ్లీ గర్భం వస్తే, ఈ వయసులో తిరిగి ఇలా జరిగే అవకాశం సుమారు నూటికి ఒకటి. ముందుగానే డాక్టరుకు చెప్పి పరీక్షలు ఎంచుకోవచ్చు.

ఇప్పుడు పాప గురించి ఒక ప్రశ్న. గుండెకు ఎకో పరీక్ష చేయించారా? ఈ పిల్లల్లో దాదాపు సగం మందికి పుట్టుకతో గుండెలో ఏదో ఒక లోపం ఉంటుంది. పైకి ఏమీ కనపడకపోవచ్చు, సమయానికి తెలిస్తే శస్త్రచికిత్సతో సరిచేసే వీలుంటుంది. థైరాయిడ్, వినికిడి, చూపు కూడా చూపించాలి, ఆ తర్వాత డాక్టరు చెప్పిన వ్యవధిలో మళ్లీ మళ్లీ. కండరాలు మెత్తగా ఉంటాయి కాబట్టి ఫిజియోథెరపీ ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది. ఎకో చేయించి ఉండకపోతే ఈ వారమే వెళ్లండి. మీది ఏ జిల్లానో రాస్తే దగ్గర్లో పిల్లల గుండె నిపుణులు ఎక్కడ ఉన్నారో మా వాళ్లను అడిగి చెప్తాను.

పాప_అమ్మ

ఎకో ఇంకా చేయించలేదండీ. మాది తూర్పు గోదావరి. సోమవారం బయలుదేరుతాం.